లాక్ సరే, తాళంచెవి ఎవరి జేబులో?

పేపర్లో ‘లాకౌట్’ అన్న మాట కనబడితే కార్మికుల పొట్ట మీద కొట్టారని అర్థం. మా ఫ్యాక్టరీ షాప్ ఫ్లోర్‌లో అదే మాట వినబడితే ఒక కార్మికుడు ధైర్యంగా మెషీన్‌లోకి దిగుతున్నాడని అర్థం. మాట ఒకటే, చేసే పనీ ఒకటే, తాళం వెయ్యడం. తేడా అంతా తాళంచెవి ఎవరి జేబులో ఉందన్న దగ్గరే వస్తుంది. లాక్ అన్న ఇంగ్లీషు మాటని మనం పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎన్ని రకాలుగా వాడతామో లెక్కలేదు గానీ, ఆ జేబు సంగతి మాత్రం ఎవరూ అడగరు.

నేను చెన్నై శివార్లలో, ఒరగడం వైపు, కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ చూస్తాను. పెద్ద ప్రెస్సు రిపేరుకొచ్చిందనుకోండి. ముందు ఎలక్ట్రీషియన్ ప్యానెల్ దగ్గరికెళ్ళి ఐసొలేటర్, అంటే కరెంటుని పూర్తిగా తెంచే స్విచ్, ఆఫ్ చేస్తాడు. ఆ హ్యాండిల్‌కున్న కన్నంలో హాస్ప్ అనే ఇనప కొక్కెం తగిలిస్తాడు. దానికి ఆరు కన్నాలుంటాయి. ఒక కన్నానికి తన ఎర్ర తాళంకప్ప వేసి తాళంచెవి జేబులో పడేసుకుంటాడు. తర్వాత ఫిట్టర్ తన తాళం వేస్తాడు, హెల్పర్ తనది వేస్తాడు. నేను దిగితే నాదీ వెయ్యాల్సిందే. ఒక్కో తాళానికీ ఒక్కటే తాళంచెవి, డూప్లికేట్ ఉండదు. తాళానికి వేలాడే ట్యాగ్ మీద మనిషి ఫొటో, పేరు, ఫోన్ నంబరు. ఇదంతా అయ్యాక ఒకడు వెళ్ళి స్టార్ట్ బటన్ నొక్కుతాడు. ఏమీ కాకూడదు. అప్పుడు కూడా పని మొదలుపెట్టం. హైడ్రాలిక్ లైన్లో ప్రెషర్ మిగిలి ఉంటుంది, పైకెత్తిన ర్యామ్, అంటే ప్రెస్సులో కిందికి దిగి నొక్కే దిమ్మ, తన బరువుతోనే కిందికి రావచ్చు. ప్రెషర్ వదిలేసి, ర్యామ్ కింద సేఫ్టీ బ్లాక్ పెట్టాకే చెయ్యి లోపల పెట్టాలి. పేరు లాకౌట్ ట్యాగౌట్. అమెరికాలో 1989లో దీన్ని ప్రభుత్వ నియమంగా తెచ్చారు. ఇప్పుడు శ్రీపెరంబుదూరు, ఒరగడం పట్టీలో కాస్త పెద్ద ఫ్యాక్టరీ ఏదైనా ఈ పద్ధతి పాటించాల్సిందే.

ఇందులో అసలు నియమం ఒక్క ముక్క. తాళం ఎవడు వేశాడో వాడే తియ్యాలి. ఎండీ వచ్చినా సరే.

ఒకసారి షిఫ్టు మారే వేళకి అన్ని తాళాలూ వచ్చేశాయి, ఒక్క ఎర్ర తాళం మాత్రం హాస్ప్‌కి వేలాడుతూ ఉండిపోయింది. ట్యాగ్ మీద మా హెల్పర్ కుర్రాడి మొహం నవ్వుతోంది. వాడు కంపెనీ బస్సెక్కి వెళ్ళిపోయాడు, తాళంచెవి వాడి ప్యాంటు జేబులో ఉంది. ప్రొడక్షన్ చూసే ఆయనది నెల్లూరు. ఆయన వచ్చి, “ఏందయ్యా, రెండొందల రూపాయల తాళం కోసం లైన్ ఆపుతావా? కట్టర్ తెచ్చి కోసెయ్యరాదూ” అన్నాడు. “సార్, వాడు బస్సులో ఉన్నాడని మీకెవరు చెప్పారు?” అన్నాను. కాసేపు నా మొహం వంక చూసి ఊరుకున్నాడు. కుర్రాడికి ఫోన్ కలిసేదాకా, వాడి గొంతు వినేదాకా, వాడు ఆటోలో వెనక్కి వచ్చి తన చేత్తో తాళం తీసేదాకా లైన్ ఆగే ఉంది. మర్నాడు మీటింగులో నాకు అక్షింతలు పడ్డాయి. పడనివ్వండి. ఒక మెషీన్ తిరగాలా వద్దా అన్న విషయంలో, దాని పళ్ళ మధ్య చెయ్యి పెట్టేవాడి మాటే చివరి మాట అని చెప్పిన తాళం అది. నాకు తెలిసి ఫ్యాక్టరీలో హెల్పర్‌కి మేనేజర్ మీద పైచెయ్యి ఉండేది ఆ ఒక్క చోటే.

ఇప్పుడు రెండో లాకౌట్ సంగతి. అది కూడా ఈ ఊరి కథే. పెరంబూరులో బకింగ్‌హాం, కర్నాటక్ బట్టల మిల్లులుండేవి, బిన్నీ అనే కంపెనీ వాళ్ళవి. ఆ కార్మికుల కోసమే 1918 ఏప్రిల్ 27న మద్రాసు లేబర్ యూనియన్ పుట్టింది. బి.పి. వాడియా అధ్యక్షుడు. మన దేశంలో పద్ధతి ప్రకారం ఏర్పడిన తొలి కార్మిక సంఘాల్లో ఒకటిగా దాన్ని లెక్కేస్తారు. ఆ తర్వాత రెండు మూడేళ్ళు ఆ మిల్లుల్లో సమ్మెలూ లాకౌట్‌లూ వంతులవారీగా నడిచాయి. సంఘం నాయకుల మీద కంపెనీ హైకోర్టుకెళ్ళి ఇంజంక్షన్, అంటే వాళ్ళని అడ్డుకునే ఉత్తర్వు, తెచ్చుకుంది. కార్మికుల్ని కూడగట్టడమే నేరమైపోయేలా ఉందని దేశమంతా గగ్గోలు పుట్టి, చివరికి 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. ఆ లాకౌట్‌లో గేటుకు వేసిన తాళం యజమానిది, తాళంచెవీ యజమానిదే. ఆకలి మాత్రం బయట నిలబడ్డవాళ్ళది.

ఈ రెండు లాకౌట్‌లనీ పక్కపక్కన పెట్టి చూశాక నాకొక కొలబద్ద దొరికింది. తాళం ఎంత గట్టిదో తర్వాత చూసుకోవచ్చు. తేడా వస్తే దెబ్బ ఎవరికి తగులుతుంది, తాళంచెవి వాళ్ళ చేతిలో ఉందా? ఈ ప్రశ్న వేసుకుంటే లాక్ అని పిలిచే చాలా వ్యవహారాల రంగు బయటపడుతుంది. కొన్నిటితో ఈ ప్రశ్నకి పనే లేదు, అవి వదిలేద్దాం. మెడ లాకైంది అంటాం, నొప్పి. హీరోగారి డేట్లు లాకయ్యాయి అంటారు, మర్నాటికి మారతాయి. క్యాప్స్ లాక్ పడిపోయి మెసేజ్ మొత్తం అరిచినట్టు వెళ్ళిపోతుంది. ఇంగ్లీషులో జుట్టు పాయని కూడా లాక్ అంటారు గానీ అది వేరే మాట, పేరు మాత్రం కలిసింది. అవన్నీ పోను మిగిలిన లాకుల గురించే నా గొడవ.

మాది దుగ్గిరాల. కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్ళకి ఈ మాట స్కూల్లో ఇంగ్లీషు నేర్చుకోకముందే తెలుసు. ‘లాకుల దగ్గర దిగుతాను’, ‘లాకుల మీద నుంచి పడ్డాడు’, ‘లాకులు దించారు, నీళ్ళు రావు’. కాలువ మీద గేట్లున్న చోటల్లా లాకులే. అది ఇంగ్లీషు మాటని చాలాకాలం నాకు తెలియదు, తెలిశాక పెద్దగా ఆశ్చర్యమూ కలగలేదు. బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట కట్టింది 1852–55 మధ్య. ఆ కాలువల్ని పొలాలకి నీళ్ళివ్వడానికే కాక పడవలు నడవడానికి కూడా తవ్వారు. నేల దిగేకొద్దీ కాలువ మెట్లుమెట్లుగా దిగుతుంది. పడవ మెట్టు దిగాలంటే లాకు కావాలి.

అది పనిచేసే తీరు చూసినవాళ్ళు ఇప్పుడు తగ్గిపోయారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఎగువ ఒక జత తలుపులు, దిగువ ఒక జత తలుపులు, మధ్యలో రాతి గోడల తొట్టి. పడవ ఎగువ నుంచి తొట్టిలోకి వస్తుంది. వెనక తలుపులు మూస్తారు. దిగువ తలుపులకున్న చిన్న తూము తెరుస్తారు. తొట్టిలో నీళ్ళు దిగుతాయి, పడవా వాటితోపాటు దిగుతుంది. లోపలి మట్టం బయటి మట్టంతో సమానమయ్యాక దిగువ తలుపులు తెరుస్తారు. తలుపులు రెండూ ఎగువ వైపుకి కోసుగా కలుస్తాయి, ఎగువ నీటి బరువే వాటిని ఒకదానికొకటి నొక్కి పట్టి ఉంచుతుంది. ఈ కోసు తలుపుల ఉపాయం వెనక లియొనార్డో డా విన్సీ పేరు చెబుతారు. రెండు వైపులా నీళ్ళు సమానం కాకముందు ఎంతమంది నెట్టినా ఆ తలుపు కదలదు. సమానమయ్యాక ఇద్దరు లస్కర్లు, అంటే లాకుల దగ్గర పనివాళ్ళు, చాలు. తాళంచెవే లేని తాళం అది, ఏ ఒక్కడి జేబులోనూ ఉండదు. పై నీళ్ళవాళ్ళు కింది నీళ్ళవాళ్ళ మీద దురుసు చెయ్యడానికి అందులో వీల్లేదు.

మా తాతయ్య చిన్నప్పుడు దుగ్గిరాల లాకులు దాటిన పడవ, కొమ్మమూరు కాలువలో పడి, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువ అందుకుని, సముద్రం ఒడ్డునే దిగుతూ మద్రాసు చేరేది. మొదట ఈ కాలువని 1806 ప్రాంతంలో మద్రాసు నుంచి ఎన్నూరు దాకా తవ్వారు, తర్వాత ముక్కలు ముక్కలుగా ఉత్తరానికీ దక్షిణానికీ సాగదీశారు. 1876–78 కరువులో కూవం నది నుంచి అడయారు నది దాకా కలిపిన ముక్క కరువు పనుల కిందే జరిగింది. అప్పటి గవర్నర్ బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి అంటుకుంది. ఆంధ్రా నుంచి బియ్యం, కట్టెలు ఈ కాలువ మీదే పట్నం వచ్చేవి. ఇప్పుడు దాని నెత్తిన ఎం.ఆర్.టి.ఎస్. రైలు వంతెన స్తంభాలు నిలబడ్డాయి. తిరుమయిలై స్టేషన్లో దిగి కిందికి చూస్తే కనబడే నల్ల నీళ్ళు అవే. పడవ దాటడం మాట అటుంచి, గుర్రపుడెక్క దాటితే గొప్ప.

ఆ కాలువ తాలూకు గుర్తు ఒకటి మనవాళ్ళందరి నోట్లోనూ ఉంది, బేసిన్ బ్రిడ్జి. పడవలు ఆగే బేసిన్ ఉండబట్టే ఆ పేరు. విజయవాడ వైపు నుంచి సెంట్రల్‌కి వచ్చే ఏ రైలైనా అక్కడ ఆగకుండా వచ్చిందంటే నమ్మను. బ్యాగులు దించుకుని తలుపు దగ్గర నిలబడతాం, అవతల స్టేషన్ కనబడుతూనే ఉంటుంది, రైలు మాత్రం కదలదు. ఆపేది కూడా ఒక లాకే. ఇంటర్‌లాకింగ్ అంటారు. ‘నాన్ ఇంటర్‌లాకింగ్ పనుల కారణంగా పలు రైళ్ళు రద్దు’ అని పేపర్లో చదివి తిట్టుకోని తెలుగువాడు ఉండడు గానీ, అదేమిటో అడిగేవాళ్ళు తక్కువ.

రైలు ఏ పట్టా మీదికి వెళ్ళాలో తేల్చేవి పాయింట్లు. పాయింట్లు సరిగ్గా పడి, బిగిసి, ఆ దారిలో ఇంకో రైలు లేదని తేలితేనే సిగ్నల్ పచ్చబడుతుంది. పచ్చబడ్డాక ఆ పాయింట్లు కదలవు. దీనికి అది కాపలా, దానికి ఇది కాపలా. ఇంగ్లండులో జాన్ సాక్స్‌బీ 1856లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. అప్పట్లో లివర్లూ ఇనప కడ్డీలూ, ఇప్పుడు కంప్యూటర్లు, సూత్రం మారలేదు. స్టేషన్ మాస్టర్ మంచివాడా, నిద్రమత్తులో ఉన్నాడా అన్నదాని మీద ప్రయాణికుడి ప్రాణం ఆధారపడకూడదన్నదే ఆ సూత్రం.

ఆ లాకు లేకపోతే ఏమవుతుందో 2025 జూలై 8న కడలూరు దగ్గర సెమ్మంకుప్పంలో చూశాం. గేటు దాటుతున్న స్కూలు వ్యాన్‌ని ప్యాసింజర్ రైలు కొట్టింది, ముగ్గురు పిల్లలు పోయారు. అది ఇంటర్‌లాక్ చెయ్యని గేటు. ఇంటర్‌లాక్ ఉన్న చోట గేటు పడి తాళం బిగిస్తేనే రైలుకి సిగ్నల్ వస్తుంది, గేటు తెరిచి ఉంటే రైలే ఆగుతుంది. లేని చోట స్టేషన్ మాస్టర్‌కీ గేట్‌మన్‌కీ మధ్య ఫోన్లో నడిచే మాటే తాళం. గేట్‌మన్‌ని అరెస్టు చేశారు. అతని తప్పు ఎంతో కోర్టు తేలుస్తుంది. కానీ ఒక మనిషి మరుపు మీద అంతమంది పిల్లల్ని వదిలేసే ఏర్పాటుని ఎవరు అరెస్టు చేస్తారు? మా ప్రెస్సు దగ్గర హెల్పర్‌కి ఇచ్చిన పాటి తాళం ఆ వ్యాన్‌లో పిల్లలకి ఇవ్వలేదు.

ఇక చేతిలో ఉండే లాకుల దగ్గరికి వద్దాం. మూడుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొడితే అకౌంట్ లాకైపోతుంది కదా, ఇది కంప్యూటర్ల కాలపు ఆలోచన అనుకుంటాం. కాదు. 1818లో ఇంగ్లండులో జెరెమియా చబ్ చేసిన డిటెక్టర్ తాళంలో ఇదే ఉంది. లోపలి లివర్‌ని కమ్మీతో కెలికి, కావల్సినదానికంటే ఎత్తు లేపితే తాళం బిగుసుకుపోయేది. ఇంటాయన వచ్చి తన తాళంచెవి పెట్టగానే తిరగదు, అప్పుడు తెలుస్తుంది ఎవడో చెయ్యి పెట్టాడని. మొదట్లో దాన్ని మామూలు చెయ్యడానికి ఇంకో చెవి కావాల్సొచ్చేది, 1824లో మెరుగుపరిచాక అదే చెవిని ఒక పద్ధతిలో తిప్పితే మళ్ళీ మామూలయ్యేది. 1851లో లండన్ ఎగ్జిబిషన్‌కి వచ్చిన ఆల్ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికా ఆయన దాన్ని అరగంట లోపే తెరిచేసి పరువు తీశాడనుకోండి, అది వేరే సంగతి. నాకు నచ్చినది ఆ తాళం వరస. ఎవడో కెలికాడని యజమానికి చెప్పింది, యజమాని చెవితోనే మళ్ళీ తెరుచుకుంది.

ఇప్పటి అకౌంట్ లాకు అలా కాదు. మా నాన్న నెట్ బ్యాంకింగ్ ఒకసారి లాకైంది. కెలికింది దొంగ కాదు, ఆయన వేళ్ళే. బ్రాంచికి వెళ్తే యాప్‌లో చేసుకోమన్నారు. యాప్‌లోకి వెళ్ళాలంటే లాక్ తియ్యాలి. కస్టమర్ కేర్ వాళ్ళు బ్రాంచికి వెళ్ళమన్నారు. “నా డబ్బులే కదరా, దొంగతనం చేసినట్టు చూస్తారేంటి” అని ఆయన ఫోన్లో నా మీద విసుక్కున్నాడు. లాక్ పడటం తప్పని నేననను. డెబ్భై దాటినవాళ్ళ అకౌంట్ల మీద కన్నేసిన ముఠాలు బోలెడు. తెరిచే దారి యజమాని చేతికి అందని చోట పెట్టడమే నాకు మింగుడుపడదు.

దీనికి తిరగేసిన కేసు వేలిముద్ర. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలు ఎత్తి, నకిలీ ముద్రలు చేసి, ఆధార్‌తో బ్యాంకు డబ్బులు లాగిన కేసులు తెలుగు రాష్ట్రాల్లోనే బయటపడ్డాయి. తాళంచెవి పోతే తాళం మారుస్తాం. వేలిముద్ర పోతే వేలు మారుస్తామా? పైగా ఆ చెవిని మనం కాగితం మీదా గాజు గ్లాసు మీదా పెట్టి పోతుంటాం. అందుకే ఆధార్ బయోమెట్రిక్‌ని లాక్ చేసుకునే వీలు పెట్టారు. ఆధార్ యాప్‌లోనో, వెబ్‌సైట్‌లోనో లాక్ చేస్తే వేలు పెట్టినా పనిచెయ్యదు, అవసరమైనప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు. మంచి లాకు, నా కొలబద్దకి సరిగ్గా సరిపోతుంది. కాకపోతే ఓటీపీ ఏ ఫోన్‌కి వెళ్తుందో అదే తాళంచెవి. ఊళ్ళో పెద్దవాళ్ళలో చాలామంది ఆధార్‌కి లింకయ్యింది మద్రాసులోనో బెంగుళూరులోనో ఉండే కొడుకు నంబరు. వేలు అక్కడ, చెవి ఇక్కడ. మా నాన్న ఆధార్‌కి ఆయన నంబరే పెట్టించాం. ఆయన చేతిలో ఉండేది బటన్ల ఫోనే, అయినా ఓటీపీ చదువుకోగలడు.

నా డబ్బుని నేను లాక్ చేసుకోవడం మీద నాకు ఫిర్యాదు లేదు. పన్ను మిగులుతుందని మూడేళ్ళు లాకిన్ ఉండే, అంటే అప్పటిదాకా డబ్బు తియ్యడానికి వీల్లేని, ఫండులో వేస్తాను, పీపీఎఫ్‌లో పదిహేనేళ్ళు వేస్తాను. నా చేతికి నేను వేసుకున్న సంకెల అది, తెలిసే వేసుకున్నాను.

అద్దె ఇంటి అగ్రిమెంటులో ‘లాకిన్ పీరియడ్’ మాత్రం వేరే రకం జంతువు. చెన్నైలో మనవాళ్ళకి ఇది బాగా అనుభవం. ఇప్పుడున్న ఫ్లాట్ కొనుక్కోకముందు నేను సంతకం చేసిన ఒక అగ్రిమెంటులో ఇలా ఉంది: అద్దెకున్నవాళ్ళు ఆరు నెలల లోపు ఖాళీ చేస్తే మిగిలిన నెలల అద్దె కట్టాలి. దాని కింది పేరాలో, ఇల్లుగలవాళ్ళు ఎప్పుడు కావాలన్నా నెల రోజుల నోటీసుతో ఖాళీ చేయించవచ్చు. “సార్, లాక్ అంటే రెండు వైపులా ఉండాలి కదా” అన్నాను. ఇల్లుగలాయన నవ్వి, “ఇదంతా మామూలు ఫార్మాట్ సార్, అందరూ సంతకం పెడతారు” అన్నాడు. బ్రోకర్ కూడా నవ్వాడు. ఇద్దరు నవ్వే చోట మూడోవాడు సంతకం పెట్టక ఏం చేస్తాడు? తమిళనాడులో కొత్త అద్దె చట్టం 2019 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చింది. ఇళ్ళకి అడ్వాన్స్ మూడు నెలల అద్దె మించకూడదంటుంది. అంతకుముందు ఈ ఊళ్ళో పది నెలలు గుంజడం ఆనవాయితీ. ఇప్పటికీ చాలా వీధుల్లో చట్టం ఒక దారి, టు-లెట్ బోర్డు ఒక దారి. అంత డబ్బు ఒకరి దగ్గర ఇరుక్కున్నాక, అగ్రిమెంటులో ఏ మాట రాసినా రాయకపోయినా, తాళంచెవి ఎవరి దగ్గరున్నట్టు? ఎగువ నీళ్ళు ఎగువనే, దిగువ నీళ్ళు దిగువనే. దుగ్గిరాల లాకుల్లో అయితే ఈ తలుపు తెరుచుకోదు.

తాళంచెవి మొత్తం ఒక వైపే ఉండటం ప్రమాదమని మన చట్టాలు రాసినవాళ్ళకి తెలియక కాదు. లాకప్ చూడండి. పోలీసు తాళం వేస్తాడు, కానీ 24 గంటల లోపు మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణంలోనే రాశారు. అంటే రెండో తాళంచెవి ఒకటి కోర్టు దగ్గర పెట్టారు. ఆ రెండో చెవి తిరగని చోటే లాకప్ డెత్‌లు.

ఇంతకీ నేనిదంతా రాయడానికి కారణం మా అపార్ట్‌మెంట్ డాబా తలుపు. మేముండేది పశ్చిమ తాంబరం దాటాక ముడిచ్చూరు వైపు. 2015 డిసెంబరులో అడయారు పొంగినప్పుడు ఈ ముడిచ్చూరు పేరు టీవీల్లో మోగిపోయింది. నీళ్ళు గ్రౌండ్ ఫ్లోర్ గుమ్మాలు దాటాక కింది వాళ్ళంతా పిల్లల్నీ గ్యాస్ బండల్నీ పట్టుకుని పైకెక్కారు. పై అంతస్తుల వాళ్ళు ఇళ్ళల్లోకి రమ్మన్నారు గానీ, అంతమందికి హాళ్ళు చాలక డాబా మీద టార్పాలిన్ కట్టుకుందామని వెళ్తే తలుపుకి తాళం. చెవి అప్పటి సెక్రటరీ దగ్గర, సెక్రటరీ మదురైలో. ఫోన్లు పనిచెయ్యవు. చివరికి గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే ఆయన జాకీ రాడ్ తెచ్చి గొళ్ళెంతో సహా పీకేశాడు. ఆ రాడ్ దెబ్బలు తలుపు చెక్క మీద ఇప్పటికీ ఉన్నాయి, మీద పెయింట్ వేశారు. నీళ్ళు తీశాక మొట్టమొదట కొన్నది ఏమిటంటే, ఇంకా పెద్ద తాళంకప్ప.

ఇప్పటి సెక్రటరీ గారు మంచివాడే. ఆయన వాదన కొట్టిపారేసేది కాదు. డాబా తెరిచి ఉంచితే పిట్టగోడ మీద పిల్లలు ఎక్కుతారు, వాటర్ ట్యాంకు మూతలు ఎవరో తీస్తారు, రాత్రిపూట బయటి కుర్రాళ్ళు సీసాలతో చేరతారు. ఇవన్నీ ఈ ఊళ్ళో జరుగుతున్నవే. “మీ ఫ్యాక్టరీ రూల్స్ ఇక్కడ పెడితే ఎలా సార్” అన్నారు నాతో. ఫ్యాక్టరీ రూల్సే ఇక్కడ పెట్టాలని నేనంటాను. 1911లో న్యూయార్కులో ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీ కాలిపోతే 146 మంది చచ్చిపోయారు. తప్పించుకునే తలుపుల్లో ఒకటి తాళం వేసి ఉంది. పనివాళ్ళు గుడ్డముక్కలు పట్టుకుపోతారని అలా పెట్టేవారని సాక్ష్యాల్లో వచ్చింది. దొంగతనాలు జరిగే ఉండొచ్చు. ఎన్ని గుడ్డముక్కలు పోయినా 146 అవవు. ఆ తర్వాత లోపలి నుంచి నెడితే తెరుచుకునే తలుపుల మీద చట్టాలు ఇంకా గట్టిపడ్డాయి. సినిమా హాల్లో ఎగ్జిట్ తలుపుకి అడ్డంగా ఉండే ఆ కడ్డీ అదే. బయటి నుంచి దొంగకి తెరుచుకోదు, లోపలి నుంచి పసిపిల్లకైనా తెరుచుకుంటుంది. దొంగ భయానికీ ప్రాణ భయానికీ ఒకే తలుపులో జవాబు దొరికి వందేళ్ళు దాటుతుంటే, మనం ఇంకా తాళంచెవి సెక్రటరీ గారి ఫ్రిజ్ మీద పెట్టుకుంటున్నాం.

నేను పెట్టిన ప్రతిపాదన పెద్ద ఖర్చుది కూడా కాదు. మెట్ల వైపు నుంచి నాబ్ తిప్పితే తెరుచుకునే లాకు ఒకటి, తలుపు తెరిస్తే కింద వాచ్‌మన్ గదిలో మోగే బెల్లు ఒకటి. పిల్లవాడు ఎక్కినా, కుర్రాళ్ళు ఎక్కినా బెల్లు చెప్తుంది. చబ్ గారి తాళం కూడా అంతే కదా, ఆపడంతో పాటు కబురు చెప్పడం. చెన్నై ప్యారీస్ కార్నర్‌లో హార్డ్‌వేర్ షాపులు తిరిగి కొటేషన్ తెచ్చి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. డాబా మీద బట్టలు ఆరేసుకునే పై అంతస్తు ఆవిడ ‘ప్రైవసీ’ అని ఒక్క ముక్క రాశారు. ఇద్దరు బొటనవేలు పెట్టారు, అది దేనికి పెట్టారో తెలియదు. వచ్చే ఆదివారం మీటింగులో ఓటింగ్. సంతకాల కాగితం లిఫ్టు పక్కన అంటించాం. గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళు అందరూ, మొదటి అంతస్తులో సగం మంది సంతకాలు పెట్టారు. మూడో అంతస్తు గళ్ళు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.